‘కాదు’ అన్నందుకు కూడా లెక్క అడగండి

ప్రభుత్వ శాఖల అధిపతులకు, ఆర్థిక శాఖ పెద్దలకు, ఆడిట్ అధికారులకు,

నమస్కారం.

ప్రజలకు సేవలు త్వరగా అందాలని మీరు సమీక్ష పెట్టిన ప్రతిసారీ అవే మాటలు వినిపిస్తాయి. కొత్త యాప్, కొత్త పోర్టల్, సిబ్బందికి శిక్షణ, గడువుల పట్టిక. వీటిలో ఏదీ చెడ్డది కాదు. కానీ చాలాకాలం కౌంటర్ వెనుక కూర్చున్నవాణ్ణి కాబట్టి నాకు తెలిసిన సంగతి ఒకటుంది. అది మీ ఎజెండాలోకి ఎప్పుడూ రాలేదు. అర్హత లేనివాడికి గుమాస్తా ఏదైనా మంజూరు చేస్తే ఆడిట్ పేరా, అంటే తనిఖీ నివేదికలో అభ్యంతరం, పడుతుంది, మెమో వస్తుంది, జీతంలోంచి రికవరీ కూడా పెట్టొచ్చు. అదే గుమాస్తా అర్హత ఉన్నవాణ్ణి వెనక్కి పంపేస్తే? ఏమీ కాదు. వెళ్లిపోయిన ఆ మనిషి ఏ రిజిస్టర్‌లోనూ ఉండడు.

ఈ తేడా గురించే ఈ లేఖ.

ఒక దరఖాస్తును దగ్గర నుంచి చూద్దాం. భర్త పోయిన ఒకావిడ పింఛనుకు కాగితాలు పెట్టుకుంది. మరణ ధ్రువపత్రంలో భర్త ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఆయన ఉద్యోగ రికార్డులో పొడి అక్షరమే ఉంది. పుట్టిన తేదీ ఒకటే, చిరునామా ఒకటే, ఫొటోలో మనిషీ ఒకడే. ఆ సీట్లో ఎవరు కూర్చున్నా అర నిమిషంలో తేల్చేస్తారు. కానీ గుమాస్తా ముందు రెండు దారులున్నాయి. మంజూరుకు పంపాలంటే నోటు రాయాలి. పేర్లలో తేడా ఎందుకొచ్చింది, ఏ ఆధారంతో దాన్ని పక్కన పెట్టొచ్చనుకున్నాడు, ఏ నిబంధన కింద. అడుగున సంతకం, తేదీ. కొన్నేళ్ల తర్వాత ఎవరో వచ్చి ఆ పేజీ తెరిచి “ఈ సంతకం నీదేనా?” అని అడగొచ్చు. రెండో దారి చాలా చిన్నది. “పేర్లలో వ్యత్యాసం కలదు. సరిచేసి తిరిగి సమర్పించవలెను.” ఒక్క కొర్రీ వేస్తే ఫైలు బల్ల మీంచి దిగిపోతుంది. ఆ నెల డిస్పోజల్ లెక్కలో, అంటే పరిష్కరించిన ఫైళ్ల లెక్కలో, ఒకటి పెరుగుతుంది కూడా.

ఆవిడ పేరు సరిచేయించుకోవడానికి ఇంకో ఆఫీసుకు వెళ్తుంది. అక్కడా ఒక గుమాస్తా, అక్కడా అవే రెండు దారులు.

బయటివాళ్లు దీన్ని సోమరితనం అంటారు, చేయి తడపలేదని ఆపారంటారు. ఆ రెండూ లేవని నేననను. కానీ పైసా ముట్టని మనిషి, పొద్దున్నే వచ్చి పొద్దుపోయేదాకా పనిచేసే మనిషి కూడా ఆ కొర్రీయే వేస్తాడు. ఎందుకంటే మీరు పెట్టిన లెక్కలో అదే తెలివైన పని. ఎంత మంచివాళ్లను తెచ్చి ఆ కుర్చీలో కూర్చోబెట్టినా రెండు మూడేళ్లలో కుర్చీ వాళ్లకు ఈ విద్య నేర్పేస్తుంది. సీనియర్లు కొత్తగా చేరినవాళ్లకు చెప్పే మొదటి పాఠం కూడా ఇదే: కాగితం అడిగినందుకు ఉద్యోగం పోయినవాడు లేడు, అడగనందుకు పోయినవాళ్లున్నారు.

దరఖాస్తు ఫారాలు లావెక్కడం కూడా ఇక్కడి నుంచే మొదలవుతుంది. ఫారంలో అర్థం కాని గడి ఏది కనిపించినా దాని వెనుక ఎప్పుడో జరిగిన ఒక గోల్‌మాల్ ఉంటుంది. ఎవడో ఒకడు మోసం చేశాడు, పత్రికల్లో వచ్చింది, కమిటీ వేశారు, కమిటీ ఒక గడి కలిపింది. గోల్‌మాల్‌ను అందరూ మర్చిపోయారు, గడి మాత్రం ఉండిపోయింది. గడి కలపడానికి ఒక సర్క్యులర్ చాలు. తీసేయడానికి మాత్రం ఎవరో ఒకరు సంతకం పెట్టి బాధ్యత తీసుకోవాలి, కాబట్టి ఎవరూ తీయరు.

ఫారం ఎంత పని చేస్తుందో అమెరికాలో కొలిచి చూశారు. కాలేజీ చదువుకు ప్రభుత్వ సాయం కావాలంటే అప్పట్లో అక్కడ వందకు పైగా ప్రశ్నలున్న దరఖాస్తు నింపాల్సి వచ్చేది. పరిశోధకులు 2008లో ఒక ప్రయోగం చేశారు. పన్ను పత్రాలు నింపించుకోవడానికి వచ్చిన తక్కువ ఆదాయ కుటుంబాల్లో కొందరికి ఆ బల్ల దగ్గరే ఈ దరఖాస్తు కూడా నింపిపెట్టారు. కొందరికి ఎంత సాయం వస్తుందో వివరం చెప్పి పంపేశారు. వివరం మాత్రమే విన్నవాళ్లలో మార్పేమీ కనిపించలేదు. దరఖాస్తు నింపిపెట్టిన ఇళ్లలో మాత్రం, హైస్కూలు చివరి ఏడాదిలో ఉన్న పిల్లల్లో తర్వాతి మూడేళ్లలో రెండేళ్ల కాలేజీ పూర్తిచేసినవాళ్లు 28 శాతం నుంచి 36 శాతానికి పెరిగారు. ప్రయోగం కోసం సాయం మొత్తాన్ని పెంచలేదు, అర్హత నిబంధన మార్చలేదు. ఫారం అడ్డు తొలిగిందంతే. అవగాహన సదస్సులకు, కరపత్రాలకు డబ్బు కేటాయించే ముందు ఈ అంకెలు ఒకసారి చూడమని మనవి.

అదే దేశంలో దీనికి తలకిందులుగా జరిగింది కూడా చెప్తాను. ఆర్కన్సా రాష్ట్రం 2018 జూన్‌లో పేదల వైద్య సహాయానికి ఒక షరతు పెట్టింది. నెలకు 80 గంటలు పనిచేయాలి, లేదా మినహాయింపుకు తగిన కారణం చూపాలి, ఆ సంగతి ప్రతి నెలా తెలపాలి. ఎలా తెలపాలి? మొదట్లో ఆన్‌లైన్‌లోనే. ఆ వెబ్‌సైట్ రాత్రి 9 గంటలకు మూసేసి మర్నాడు ఉదయం 7 గంటలకు తెరిచేవారు. పగలంతా పనిచేసి వచ్చినవాడు, పని చేస్తున్నానని చెప్పుకోవడానికి కూర్చునే వేళకు వెబ్‌సైట్‌కు తాళం. ఆ ఏడాది చివరికి 18,000 మందికి పైగా వైద్య సహాయం పోయింది. తర్వాత పరిశోధకులు చూస్తే, షరతు వర్తించినవాళ్లలో దాదాపు అందరూ అప్పటికే పని చేస్తున్నవాళ్లో, మినహాయింపుకు అర్హులో. ఉద్యోగాలు పెరిగిన దాఖలా లేదు. 2019 మార్చిలో కోర్టు ఆపేదాకా అది నడిచింది. ఆ నెలల్లో ఆ శాఖ రికార్డులో మాత్రం అంతా సవ్యంగానే ఉండి ఉంటుంది: నివేదిక ఇవ్వలేదు, పేరు తొలగించాం.

గడువులు పెడితే సరిపోతుందంటారు. గడువులు పనిచేస్తాయి, కాదనను. కానీ గడువు దేన్ని కొలుస్తోందో చూడకపోతే మా వాళ్లు అంకెకు సేవ చేస్తారు, మనిషికి కాదు. ఇంగ్లండ్ ఆస్పత్రుల్లో అత్యవసర విభాగానికి వచ్చిన రోగిని నాలుగు గంటల్లోపు చూసి పంపడమో చేర్చుకోవడమో జరగాలని 2000 దశకంలో లక్ష్యం పెట్టారు. రోగులు వేచి ఉండే సమయం నిజంగానే తగ్గింది. దాంతోపాటు ఇంకోటి జరిగింది. ఎవరు ఏ నిమిషంలో బయటికి వెళ్లారో గీత గీసి చూస్తే, సరిగ్గా నాలుగో గంట నిండబోయే ముందు ఆఖరి నిమిషాల్లో ఒక్కసారిగా గుట్ట లేచింది. రోగం గడియారం చూసి కుదుటపడదు కదా.

దీనికన్నా ముచ్చటైనది కుటుంబ వైద్యుల సంగతి. రోగికి 48 గంటల్లోపు అపాయింట్‌మెంట్ ఇవ్వాలని లక్ష్యం. దాన్ని నూటికి నూరు పాళ్లు అందుకోవడానికి కొన్ని క్లినిక్‌లు సులువైన ఉపాయం కనిపెట్టాయి. రెండు రోజుల తర్వాతి తేదీకి అసలు బుకింగే తీసుకోరు! వచ్చే వారానికి కావాలన్నవాడు ఆ రోజు పొద్దున్నే ఫోన్ పట్టుకుని కూర్చోవాల్సిందే. ఈ సంగతి అప్పటి బ్రిటన్ ప్రధాని టోనీ బ్లెయిర్‌కు ఎలా తెలిసిందనుకున్నారు? 2005 ఎన్నికల ప్రచారంలో ఒక టీవీ కార్యక్రమంలో ప్రేక్షకుల్లోంచి ఒకావిడ లేచి చెబితే తెలిసింది. ఆయన ఆశ్చర్యపోవడం దేశమంతా చూసింది. సేవలు ఎలా అందుతున్నాయో గమనించడానికే 2001లో తన కార్యాలయంలో ప్రత్యేక విభాగం పెట్టుకున్న ప్రధాని ఆయన. అంకెలన్నీ ఆయన బల్ల మీదికి వచ్చేవి. రానిది, అడిగినా దొరకనివాళ్ల లెక్క. అది ఏ పట్టికలోనూ లేదు.

మా దగ్గర కూడా గడువు పెట్టిన ప్రతిచోటా ఇలాంటివి పుడతాయి. గడువు ఏడు రోజులైతే ఆరో రోజు సాయంత్రం కొర్రీ పడుతుంది. గడియారం మళ్లీ సున్నా దగ్గరికి వస్తుంది. ఇంకా గట్టిగా పట్టుకుంటే దరఖాస్తునే తీసుకోరు, “అన్నీ సరిచేసుకుని రండి” అంటారు. తీసుకోని దరఖాస్తు ఆలస్యం ఎలా అవుతుంది? పెండింగ్ సున్నా అని మీకు నివేదిక వచ్చిన నెలల్లో తిరస్కరించినవి ఎన్ని, తిప్పి పంపినవి ఎన్ని, గుమ్మంలోనే ఆపినవి ఎన్ని అని మీలో ఎవరైనా అడిగిన సందర్భం నా ఎరుకలో లేదు.

ఇక కంప్యూటర్. మనిషి చేతిలో ఉన్నప్పుడు ‘కాదు’ వైపు మొగ్గే ఈ పక్షపాతానికి ఒక హద్దుండేది. గుమాస్తా ఎంత భయస్తుడైనా ఎదురుగా నిలబడ్డ మనిషి మొహం చూసి ఒక్కోసారి కరిగేవాడు. యంత్రంలో పెట్టాక ఆ కాస్తా పోయింది. ఆస్ట్రేలియాలో ‘రోబోడెట్’ అని పేరుపడ్డ పద్ధతి చూడండి. సంక్షేమ భృతి తీసుకున్నవాళ్ల ఏడాది ఆదాయాన్ని పన్ను శాఖ నుంచి తీసుకుని, దాన్ని రెండేసి వారాల పక్షాలవారీగా సమానంగా పంచి, ఆ పక్షంలో నువ్వు ఇంత సంపాదించావు కాబట్టి ఎక్కువ భృతి తిన్నావు, కట్టు అని నోటీసులు పంపారు. ఆరు నెలలు పని దొరికి ఆరు నెలలు ఖాళీగా ఉన్నవాడి ఆదాయం అలా సమంగా ఉండదని పదో తరగతి పిల్లాడికైనా తెలుసు. కానీ కాదని నిరూపించుకోవాల్సిన భారం నోటీసు అందుకున్నవాడిదే, ఏళ్ల కిందటి జీతం చీటీలు తెచ్చి చూపించి. 2015లో మొదలైన ఈ పని చట్టవిరుద్ధమని 2019లో కోర్టు ముందు ప్రభుత్వమే ఒప్పుకోవాల్సి వచ్చింది. తర్వాత లక్షల మందికి డబ్బు వెనక్కి ఇచ్చారు. దీని మీద విచారణకు వేసిన రాయల్ కమిషన్ నివేదిక 2023లో వచ్చింది.

నెదర్లాండ్స్‌లో పిల్లల సంరక్షణ భత్యం తీసుకున్న వేలాది తల్లిదండ్రులను మోసగాళ్లుగా ముద్ర వేశారు. కొందరి తప్పు ఒక సంతకం మరిచిపోవడం. చిన్న పొరపాటు దొరికినా ఏడాది భత్యం మొత్తం వెనక్కి కట్టమన్నారు. ఇళ్లు కూలిపోయాయి, సంసారాలు విడిపోయాయి. దాని మీద పార్లమెంటు విచారణ నివేదిక వచ్చాక 2021 జనవరిలో ఆ ప్రభుత్వమే రాజీనామా చేసింది. ఈ రెండు చోట్లా సాఫ్ట్‌వేర్ చెడిపోలేదని గమనించండి. చెప్పినట్టే పనిచేసింది. ఎవరికీ ఎక్కువ పోకుండా చూడమని చెప్పారు, చూసింది. ఎవరికీ అన్యాయంగా తక్కువ కాకుండా చూడమని ఎవరూ చెప్పలేదు.

(సాఫ్ట్‌వేరే చెడిపోయిన కథలు వేరే ఉన్నాయి. 2013 అక్టోబరు 1న అమెరికాలో ఆరోగ్య బీమా వెబ్‌సైట్ తెరిచిన రోజున నమోదు పూర్తిచేయగలిగినవాళ్లు ఆరుగురు. అది పదిమందికీ కనిపించే వైఫల్యం కాబట్టి నెలల్లోనే సరిచేశారు. నన్ను భయపెట్టేది అది కాదు, నిశ్శబ్దంగా సరిగ్గా పనిచేస్తున్న తప్పు.)

ఇప్పుడు మీ అభ్యంతరం నాకు వినిపిస్తూనే ఉంది. పట్టు సడలిస్తే ప్రజాధనం దోచుకుపోతారు, కింది ఉద్యోగికి స్వేచ్ఛ ఇస్తే బేరాలు పెడతాడు. న్యాయమైన భయమే. అయితే దాన్ని కూడా కొందరు కొలిచి చూశారు. నైజీరియాలో 4,700 ప్రభుత్వ ప్రాజెక్టుల తీరును ఇమ్రాన్ రసూల్, డేనియల్ రోజర్ పరిశీలించి 2018లో ప్రచురించారు. సిబ్బందికి నిర్ణయాధికారం ఎక్కువున్న సంస్థల్లో ప్రాజెక్టులు ఎక్కువగా పూర్తయ్యాయి. నిఘా, ప్రోత్సాహకాలు బిగించిన చోట తక్కువగా పూర్తయ్యాయి. పాకిస్తాన్‌లోని పంజాబ్‌లో ఇంకా సూటిగా ప్రయోగం చేశారు. కాగితం, పెన్నులు, ప్రింటర్ సిరా లాంటి మామూలు సామాన్లు కొనే అధికారుల్లో కొందరికి కాస్త వెసులుబాటు ఇచ్చారు. బిల్లు పాసవడానికి అకౌంట్స్ కార్యాలయం ఏయే కాగితాలు అడగొచ్చో జాబితా ఖరారు చేసి, చిన్న ఖర్చులకు చేతిలో నగదు పెట్టారు. సరుకు నాణ్యత తగ్గలేదు. ధర ఎనిమిది తొమ్మిది శాతం తగ్గింది. ప్రతి పైసాకూ కాపలా పెట్టిన వ్యవస్థ కన్నా, మనిషిని కాస్త నమ్మిన వ్యవస్థలో పైసలు మిగిలాయన్నమాట. కాపలాదారుడి కోసం ఎదురుచూడటానికి కూడా ధర ఉంటుంది, దాన్ని సరుకు అమ్మేవాడు ముందే బిల్లులో కలిపేస్తాడు.

అన్నిచోట్లా ఇలాగే జరుగుతుందని నేను చెప్పను. వంతెన బలంగా ఉందని సంతకం పెట్టేచోట, మందుకు లైసెన్సు ఇచ్చేచోట, భూమి హక్కు మార్చేచోట ఆలస్యమైనా ఫర్వాలేదు, తప్పు జరగకూడదు. అక్కడ పది కొర్రీలు వేసినా నేను నోరెత్తను. నేను మాట్లాడుతున్నది పింఛను, భృతి, ధ్రువపత్రం, చిన్న దుకాణం రిజిస్ట్రేషన్ లాంటి వాటి గురించి. వీటిలో పొరపాటున ఇచ్చినది రేపు వెనక్కి తీసుకోవచ్చు. ఇవ్వకుండా ఆపిన నెలల తిండిని మాత్రం తర్వాత ఎవరూ పెట్టలేరు. రెంటికీ ఒకే రకం తాళం వేశాం, అదీ మన గొడవ.

అందుకే అందరికన్నా ముందు ఆడిట్ అధికారులకు చెప్పుకుంటున్నాను. మీరు ఏటా మంజూరైన ఫైళ్లలోంచి కొన్ని తీసి తనిఖీ చేస్తారు. తిరస్కరించిన వాటిలోంచి, కొర్రీ వేసి మూసేసిన వాటిలోంచి కూడా అంతే సంఖ్యలో తీయండి. ఆ మనుషులకు ఫోన్ చేయండి. నిజంగా అర్హత లేదా, కాగితం లేక పోయిందా, విసిగి వదిలేశారా అని రాసుకోండి. ఇది నేను కలగన్నది కాదు. అమెరికాలో ఆహార సహాయ పథకంలో తిరస్కరించిన, ఆపేసిన కేసుల నుంచి కూడా నమూనా తీసి, ఆ నిర్ణయం సరైందో కాదో చూసి, రాష్ట్రాలవారీగా తప్పుల శాతం ప్రకటిస్తారు. అక్కడ కూడా మెలిక ఎక్కడుందో చూడండి. చెల్లింపుల్లో తప్పుల శాతం హద్దు మీరితే రాష్ట్రం డబ్బు కట్టుకోవాలి. తిరస్కరణల్లో తప్పులకు ఆ శిక్ష లేదు. కొలవడం దాకా వచ్చారు, కొలిచినదాన్ని పట్టించుకోవడం దాకా ఇంకా రాలేదు. మనం రెండో మెట్టూ ఎక్కుదాం. “ఈ కార్యాలయం తిరస్కరించిన నూరు దరఖాస్తుల్లో ఇన్ని అన్యాయంగా తిరస్కరించినవి” అని ఒక ఆడిట్ పేరా రాయండి చాలు. మంజూరు ఫైలు తిప్పేటప్పుడు ఉన్న వణుకు కొర్రీ వేసేటప్పుడు కూడా వస్తుంది.

అప్పీలు ఉంది కదా అనకండి. మధ్యప్రదేశ్ 2010లో సేవల హామీ చట్టం తెచ్చినప్పుడు నాకు బాగా నచ్చిన అంశం, ఆలస్యానికే కాక సరైన కారణం లేకుండా సేవ ఇవ్వనందుకు కూడా అధికారికి వ్యక్తిగతంగా జరిమానా పెట్టడం. ఆ డబ్బును దరఖాస్తుదారుడికి పరిహారంగా ఇచ్చే వీలుంది కూడా. మంచి చట్టం. కానీ అది కదలాలంటే బాధితుడు మొదటి అప్పీలు, రెండో అప్పీలు చేసుకోవాలి. రోజు కూలి వదులుకుని ఒక సంతకానికే తిరగలేనివాడు రెండు అప్పీళ్లకు తిరుగుతాడా? ఫిర్యాదుల పెట్టె ఎంత పెద్దదైనా అందులో పడేది గొంతున్నవాళ్ల కాగితమే. నమూనా తనిఖీ అయితే నోరు లేనివాడి ఫైలు కూడా పైకి వస్తుంది.

శాఖాధిపతులకు నా మనవి కొర్రీ గురించి. కొర్రీ వేయొద్దని చెప్పను. వేసేదేదో ఒకేసారి వేయమనండి. మొదటిసారి అడగని కాగితం రెండోసారి అడగడానికి వీల్లేదని రూలు పెట్టండి. ఏ నిబంధన కింద అడుగుతున్నారో, అది లేకపోతే దాని బదులు ఏది తెస్తే చెల్లుతుందో, అడిగినవాడి పేరుతో సహా రాయాలి. మంజూరుకు నోటు ఎంత పొడుగుండాలో తిరస్కరణకూ అంతే పొడుగుండాలి. ఇంత చిన్న మార్పుతోనే ఎంత తేడా వస్తుందో మా సీట్లో కూర్చున్నవాళ్లనెవరినైనా అడగండి. కొర్రీ వేయడం కన్నా పని చేసేయడం సులువైన రోజున పని అవుతుంది.

గడువులోగా జవాబు ఇవ్వకపోతే ఇచ్చినట్టే లెక్క అనే సూత్రం కూడా ఉంది. ఐరోపా యూనియన్ 2006లో తెచ్చిన సేవల ఆదేశంలో, వ్యాపార అనుమతుల విషయంలో గడువు దాటితే అనుమతి ఇచ్చినట్టే భావించాలని రాశారు. ప్రజా ప్రయోజనం రీత్యా మినహాయింపులూ పెట్టుకోవచ్చు. ఇందాక చెప్పిన వంతెనలు, మందులు ఆ మినహాయింపులోకి వస్తాయి. మిగతావాటికి దీన్ని వాడటానికి జంకు దేనికి? మౌనం ఇప్పటిదాకా ‘కాదు’ వైపే పనిచేసింది, కొంతకాలం ‘సరే’ వైపు పనిచేయనివ్వండి.

ఇంకా మంచిదేమిటంటే అసలు దరఖాస్తే లేకుండా చేయడం. ఆస్ట్రియాలో 2015 నుంచి బిడ్డ పుట్టినట్టు నమోదు కాగానే ఆ వివరం పన్ను శాఖకు చేరుతుంది, అర్హత తెలిసిపోయే కుటుంబాలకు భత్యం దానంతటదే ఖాతాలో పడుతుంది. తల్లిదండ్రులు ఫారం ముట్టుకోరు. ఎస్టోనియా 2001లో శాఖల మధ్య సమాచారం మార్చుకునే ఎక్స్-రోడ్ అనే వ్యవస్థ పెట్టుకుంది. ఒకే సమాచారాన్ని సేకరించడానికి రెండు వేరు వేరు డేటాబేస్‌లు పెట్టకూడదని అక్కడ చట్టమే ఉంది. తన వివరాలను ఏ ఆఫీసు చూసిందో పౌరుడు తిరిగి చూసుకోవచ్చు కూడా. ఈ చివరి మాటను మన పోర్టల్ కట్టేవాళ్లు ఎప్పుడూ మరిచిపోతారు. ఒక శాఖ ఇచ్చిన ధ్రువపత్రాన్ని ఇంకో శాఖకు చూపించడానికి పౌరుడు మోసుకెళ్లడం, అదీ మూడు నకళ్లతో, ప్రభుత్వం తన టపాను ప్రజల చేత ఉచితంగా మోయించుకోవడమే.

ఆర్థిక శాఖ పెద్దలకు ఒక్క మాట. ఫారం నింపే సమయం మీ పద్దులో ఎక్కడా కనిపించదు కాబట్టి అది ఉచితమని అనుకుంటున్నారు. అమెరికాలో 1980 నాటి చట్టం ఒకటుంది, కాగితాల పని తగ్గించే చట్టమని పేరు. ప్రతి ప్రభుత్వ ఫారం నింపడానికి సగటున ఎన్ని నిమిషాలు పడుతుందో అంచనా వేసి ఆ ఫారం మీదే అచ్చువేయాలి. ఆ అంచనాకు ఆమోదం తెచ్చుకోవడానికి శాఖలకు నెలలు పడుతుందనీ, ఫారాన్ని సులువు చేయాలన్నా మళ్లీ అదే ఆమోదానికి క్యూ కట్టాలనీ అక్కడివాళ్లు మొత్తుకుంటారు. అది నిజమే, మన గుమాస్తాల జాతి లక్షణం ఎక్కడికి పోతుంది! అయినా మూల ఆలోచన బంగారం. పౌరుడి గంటను ఖర్చుగా చూసిన శాఖ, నాలుగో నకలు అడిగే ముందు ఒకసారి ఆలోచిస్తుంది.

చివరగా అంకెలు బయట పెట్టడం గురించి. ఉగాండాలో 1991 నుంచి 1995 దాకా బడులకు ప్రభుత్వం పంపిన తలసరి గ్రాంటులో సగటున 13 శాతమే బడికి చేరిందని ఒక సర్వేలో తేలింది. తర్వాత ప్రభుత్వం ఏ జిల్లాకు ఎంత పంపిందో నెలనెలా పత్రికల్లో వేయించింది. 2001 నాటికి బడికి చేరేది 80 శాతం దాటింది. ఆ పెరుగుదలకు పత్రికలే కాక వేరే సంస్కరణలు కూడా కారణమని తర్వాత వాదించినవాళ్లున్నారు, ఆ వాదన సబబే. అయినా, ఎంత రావాలో హెడ్మాస్టరుకే తెలియనప్పుడు తక్కువ వచ్చిందని ఎవరు అడుగుతారు?

కాబట్టి ప్రతి కార్యాలయం గోడ మీద, వెబ్‌సైట్‌లో నెలకు నాలుగు అంకెలు వేయించండి. ఎన్ని దరఖాస్తులు వచ్చాయి, ఎన్ని మంజూరయ్యాయి, ఎన్ని తిరస్కరించారు, ఎన్ని కొర్రీతో తిరిగి వెళ్లి మళ్లీ రాలేదు. నాలుగోదే అసలైనది. మొదటి నెల అది చూసి మీకు మంటెక్కుతుంది. జాయింట్ డైరెక్టర్ల సమావేశం పెట్టి ఎవరినో సస్పెండ్ చేయాలనిపిస్తుంది. దయచేసి చేయకండి. చేస్తే రెండో నెల నుంచి గుమ్మంలోనే ఆపేస్తారు, నాలుగో అంకె సున్నా అవుతుంది. మొదటి ఏడాది ఎవరినీ శిక్షించబోమని రాతపూర్వకంగా చెప్పి, ఏ కాగితం దగ్గర ఎక్కువమంది ఆగిపోతున్నారో వెతికి, ఆ కాగితాన్ని తీసేసే అధికారం ఆ కార్యాలయానికే ఇవ్వండి. నిబంధన ప్రకారం ఆలోచించి, కారణం రాసి, సద్బుద్ధితో మంజూరు చేసిన ఉద్యోగి తర్వాత తప్పని తేలినా అతని జీతం జోలికి రామని అదే సర్క్యులర్‌లో ఇంకో పేరా కలపండి. ఆర్థిక శాఖ ఒప్పుకోదంటారా, వాళ్లకూ ఈ లేఖ ప్రతి పంపాను.

ఇట్లు,
కౌంటర్ వెనుక కూర్చుని రిటైరైన ఒక గుమాస్తా